తడి ఆరని మూత

గాజువాక,
మార్చి 6

పెదనాన్నా,

సూర్యకళ అత్త ఇవాళ బజార్లో చేపలమ్ముకుని, ఖాళీ గంపతో మా హాస్టల్ గేటు దాకా వచ్చింది. "మీ పెదనాన్న బండి తొట్లకొండ ఎత్తు కాడ ఆగిపోనాది. పొగలే పొగలు. గంపలు దించుకుని రోడ్డు మీద కూకున్నాం. బస్సులోలు మమ్మల్ని సూసి నవ్వుకుంతా పోనారు" అంది. నువ్వు మాత్రం నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

చెప్పడానికి దారి కూడా లేదనుకో. ఎదురుగా నిలబడి గట్టిగా అంటే వింటావు గానీ ఫోన్లో నీకు వినపడదు. బోటు ఇంజను పక్కన ఇరవయ్యేళ్ళు గడిపిన చెవులు కదా. నీ బటన్ ఫోనుకి మెసేజ్ పెడితే అది పండక్కి కూడా చదవవు. అందుకే ఉత్తరం. అత్త గంపలోనే పంపుతున్నాను, నీచు వాసన వస్తే నా తప్పు కాదు.

డిప్లొమా రెండో ఏడాదిలో మాకు ఇంజను చల్లబరిచే పాఠం అయిపోయింది. కాబట్టి కొంచెం ధైర్యంగానే చెబుతున్నాను: మీరు చూసింది పొగ కాదు, ఆవిరి. నీళ్ళు ఎక్కడో బయటికి పోతున్నాయి. రేడియేటర్ నుంచి వచ్చే పై గొట్టం ఇంజనుకి ఎక్కడ కలుస్తుందో అక్కడ చూడు. రెండు బోల్టులతో బిగించిన అల్యూమినియం మూత ఒకటి ఉంటుంది. దాన్ని థర్మోస్టాట్ హౌసింగ్ అంటారు. దాని కింద చిన్న వాల్వు. ఇంజను వేడెక్కగానే ఆ వాల్వు నోరు తెరిచి నీళ్ళని రేడియేటర్‌కి వదులుతుంది. నా అనుమానం ఆ మూత మీదే.

ఇంకో సంగతి. మా లైబ్రరీలో పెద్ద నిఘంటువు ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా దాన్ని కథల పుస్తకంలా చదువుతున్నాను, నవ్వకు. నీళ్ళు బయటికి రావడానికి మనకి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా ఆలోచించావా? కారడం, ఊరడం, చెమర్చడం, చిమ్మడం. ఒక్కో మాట ఒక్కో జబ్బు. చిమ్ముతుంటే గొట్టం చిరిగినట్టు. ధారగా కారుతుంటే బోల్టు వదులైనట్టు. చెమరుస్తుంటే మూత కింద సందు మూసే అట్ట, అదే ప్యాకింగ్, పోయినట్టు. బండి చల్లారాక ఆ అంచు చూసి, ఏ మాట సరిపోతుందో రాయి. వేడి మీద రేడియేటర్ క్యాప్ మాత్రం తియ్యకు.

దేవి


భీమిలి,
మార్చి 11

అమ్మా దేవీ,

ఉత్తరం అందింది. నీచు వాసన వచ్చింది. మన ఇంట్లో రానిదెప్పుడు?

నువ్వడిగిన మాట కోసం బండి ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాను. మీ పెద్దమ్మ చూసి "ఏటి, బండికి మొక్కుకుంతన్నావా?" అంది. మొక్కు కాదు, దేవి పరీక్ష పెట్టింది అన్నాను. సరే, నా జవాబు రాసుకో. చెమరుస్తోంది. ఎండలో నడిచొచ్చిన మనిషి మెడ మీద పట్టినట్టు ముందు సన్నగా చెమ్మ, తర్వాత ఒక చుక్క. నువ్వన్న మూత అంచునే.

అది నాకు కొత్త కాదు. నిరుడు ఒకసారి విప్పాను. పాత ప్యాకింగ్ అతుక్కుపోయి ఉంటే పొలుసు గీకే కత్తితో గీకేసి, మందపాటి అట్టముక్క కత్తిరించి పెట్టాను. బాగానే పని చేసింది.

ఆడవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారని నువ్వేమీ బాధపడకు. ఒక్క పూట కూర్చుంటే ఎవరూ అరిగిపోరు. మన వీధి చివర నాగబాబు కొత్త వ్యాను కొన్నాడు. "నీ బండి ఇలగే దారిలో నీలిగితే నాగబాబు బండెక్కేత్తాం" అని నవ్వుతూ అన్నారు. నవ్వుతూనే. శ్రద్ధగా చదువుకో.

పెదనాన్న,
నూకాలు


గాజువాక,
మార్చి 14

పెదనాన్నా,

పొలుసు గీకే కత్తితోనా? అల్యూమినియం ఎంత మెత్తనిదో తెలుసా? అది వంజరం కాదు, పెదనాన్నా. నువ్వు గీకిన ప్రతి గీతా నీళ్ళకి ఒక కాలవ.

అయినా నీ జవాబుకి నూటికి నూరు వేశాను. "ఎండలో నడిచొచ్చిన మనిషి మెడ" అన్నావు చూడు, మా పుస్తకంలో ఆ గుర్తు లేదు. నా నోటుబుక్కులో నీ పేరుతో రాసుకున్నాను.

అత్త చేతికి అసలైన ప్యాకింగ్ రెండు ఇచ్చాను, ఒకటి పాడైనా ఇంకొకటి ఉండాలని. పాతదాన్ని ఈసారి వెదురు చెక్కతో గీకు. రెండు ముఖాలూ పొడి గుడ్డతో తుడిచి, ప్యాకింగ్ పెట్టి, రెండు బోల్టులూ మార్చి మార్చి బిగించు. దీన్ని కొంచెం, దాన్ని కొంచెం. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదాని దగ్గరికి వెళితే మూత ఒరిగిపోతుంది.

విప్పినప్పుడు ఆ వాల్వుని కూడా చూడాలి. గిన్నెలో నీళ్ళు పోసి, వాల్వుని అందులో వేసి పొయ్యి మీద పెట్టు. నీళ్ళు మరగబోయే ముందు అది నోరు తెరవాలి. తెరవకపోతే అదే దొంగ.

దేవి


భీమిలి,
ఏప్రిల్ 3

దేవీ,

నువ్వు రాసినట్టే చేశాను. వాల్వుని ఉడకబెట్టాను. గిన్నె ఏదని అడగకు. మీ పెద్దమ్మ వచ్చి చూసి, "నా పులుసు గిన్నెలో ఇనప గుండికాయ ఒండుతావేటి? ఉప్పు సాలిందో నేదో సూసినావా?" అని గరిటె పట్టుకుని వెంటపడింది. అంతలో అది నోరు తెరిచింది. ఇద్దరం గిన్నె మీదికి వంగి చూశాం. బాగుంది, చేప గాలి కోసం తెరిచినట్టే. కాబట్టి దొంగ అది కాదు.

కొత్త ప్యాకింగ్ పెట్టాను. వెదురు చెక్కతోనే గీకాను. వారం రోజులు మూత చుట్టూ పొడిగా ఉంది. అందరికీ చూపించాను. తర్వాత ఒక పొద్దున్న మళ్ళీ అదే చెమట. రెండో ప్యాకింగ్ కూడా పెట్టాను. అదీ అంతే.

ఈ నెల మధ్యలో వేట నిషేధం మొదలవుతుంది. రెండు నెలలు బోట్లు కదలవు, బండికీ పని ఉండదు. నీకు పరీక్షలు ఉంటాయి. ఇక ఈ సంగతి రాయకు.

నూకాలు


భీమిలి,
ఏప్రిల్ 20

దేవీ,

నేను చిట్టమ్మ పెద్దమ్మని. మీ పెదనాన్న ఒడ్డుకి పోయాడు, ఈలోపు రాస్తున్నాను. నా రాత చూసి నవ్వకు.

బండిలో పోయే ఆడవాళ్ళంతా నాగబాబుకి మాటిచ్చేశారు. నిషేధం అయ్యాక అతని బండిలోనే గాజువాక పోతారంట. వాళ్ళందరికీ పెద్ద పోతమ్మ. ఆ మాట ఇచ్చింది ఆమేనని తెలిసిన పూట మీ పెదనాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. పాత ఇనుము కొనేవాణ్ణి పిలిపించాడు. వాడొచ్చి బండి చుట్టూ తిరిగి, టైర్లు కాలితో తన్ని చూసి పోయాడు. ఈయన ఇంకా సరే అనలేదు.

ఆ బండి పోతే ఈ మనిషి పొద్దున్నే లేచి ఎక్కడికి పోతాడే? నేను రాసినట్టు తెలియనీయకు.

పెద్దమ్మ


ఆటోనగర్, గాజువాక,
మే 4

పెదనాన్నా,

రాయవద్దన్నావు. కానీ ఇది చదువు సంగతి, బండి సంగతి కాదు.

పరీక్షలు బాగా రాశాను. వేసవి శిక్షణకి ఆటోనగర్‌లో గురునాథరావు గారి షెడ్డులో చేరాను. ప్రతి ఒక్కరూ పాత బండి భాగం ఒకటి తెచ్చి, అది ఎందుకు చెడిందో నివేదిక రాయాలన్నారు. అందరూ బేరింగులూ బ్రేకులూ తెస్తున్నారు. నాకు నీ మూత గుర్తొచ్చింది. బండి ఎలాగూ ఖాళీగానే ఉంది కదా, విప్పి అత్త చేత పంపుతావా? ఆమె ఎండుచేపలు అమ్మడానికి వారం వారం వస్తూనే ఉంది.

బండి మాత్రం ఎక్కడికీ పోదు కదా?

దేవి


భీమిలి,
మే 9

దేవీ,

నాకు చెవుడు ఉంది గానీ చూపు బాగుంది. నివేదిక అంటున్నావు. మూత ఇచ్చేటప్పుడు సూర్యకళ నా మొహం చూడలేదు. మీ పెద్దమ్మ వారం నుంచి నాకు అడక్కుండానే టీ ఇస్తోంది. అందరికీ అన్నీ తెలుసు.

మూత పంపుతున్నాను. ఇనుము వాణ్ణి వేట మొదలయ్యేదాకా ఆగమన్నాను. ఆలోగా ఆ చెమట ఆగితే సరే. ఆగకపోతే బండి ఇచ్చేస్తాను. ఆడవాళ్ళని ఇంకోసారి రోడ్డు మీద కూర్చోబెట్టను. అప్పుడు నువ్వు నన్ను బతిమాలకూడదు.

నూకాలు


ఆటోనగర్, గాజువాక,
మే 16

పెదనాన్నా,

అవును, పెద్దమ్మ రాసింది. నివేదిక మాట కూడా సగం నిజమే. ఇప్పుడు మిగతా సగం కూడా నిజం చేసేశాను. దొంగ దొరికాడు.

నీ మూతని బల్ల మీద పెట్టి దీపం కింద చూశాను. ప్యాకింగ్ ఆనుకునే ముఖం మీద నీ కత్తి గీతలు ఉన్నాయి, వాటిని క్షమించాను. కానీ వాటికంటే లోతుగా, చెద తిన్నట్టు చిన్న చిన్న గుంతలు. గుంతల్లో తెల్లటి పొడి. బోరు నీళ్ళ సున్నం అనుకున్నాను. సున్నమైతే చప్పగా ఉండాలి. వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాను.

అదే సమయానికి గురునాథరావు గారు లోపలికొచ్చారు.

"ఓలమ్మా, టిపినీ సేసి రాలేదేటి? దాన్ని నాకుతన్నావేటి?"

"ఉప్పండీ."

"ఉప్పేటి? రేడియేటర్లో ఉప్పేటి? మీ పెదనాన్న బండిలో పులుసు పెట్టినాడేటి?"

నేను మూత ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, అటూ ఇటూ చూసి, తనూ వేలు పెట్టి రుచి చూశారు. షెడ్డులో అందరూ పని మానేసి మమ్మల్నే చూస్తున్నారు. "ఉప్పే" అన్నారు చివరికి. "సిన్న ఉప్పు కాదు, సముద్రం."

అల్యూమినియాన్ని ఉప్పునీళ్ళు తినేస్తాయి. మూత ముఖం గుంతలు పడ్డాక ఎన్ని కొత్త ప్యాకింగులు పెట్టినా గతుకుల నేల మీద చాప పరిచినట్టే. నీ బిగింపులో తప్పులేదు, నా ప్యాకింగులోనూ తప్పులేదు. అద్దం పలక మీద గరుకు ఎమరీ కాగితం పరిచి, దాని మీద మూతని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రుద్దాను. సగం గుంతలు పోయాయి, మిగతావి మరీ లోతు. అందుకని ఇక్కడే పాత బండ్లు విప్పే చోట ఒక మంచి మూత వెతికి పెట్టాను. దాని ముఖాన్ని కూడా అద్దం మీద చదును చేశాను. ఇప్పుడది ఎంత చదునుగా ఉందంటే, కింద వెలుతురు గీత కూడా దూరదు.

కానీ ఉప్పు ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా కొత్త మూత పెడితే, దాన్నీ తింటుంది. రేడియేటర్లో ఏ నీళ్ళు పోస్తున్నావు? దాచకుండా రాయి.

దేవి


భీమిలి,
మే 21

అమ్మా దేవీ,

నీ ఉత్తరం చదివి బండి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. పోసింది నేను కాదు. పొయ్యనిచ్చింది నేను.

నువ్వు చిన్నదానివి, నీకు తెలియదు. చెవులు పోయాక నన్ను బోటు మీదికి రానివ్వలేదు. అది న్యాయమే. నడిసముద్రంలో "తాడు ఒగ్గీ" అంటే వినపడనివాడు తనూ చస్తాడు, పక్కవాణ్ణీ చంపుతాడు. ఉన్నది పెట్టి ఈ బండి కొన్నాను. మొదటి రోజు చీకటుండగానే ఒడ్డున పెట్టుకుని నిలబడ్డాను. ఎవరూ ఎక్కలేదు. వేట ఒగ్గేసినోడి బండి కలిసిరాదని గొణుక్కున్నారు. నాకు వినపడలేదు గానీ మొహాలు కనపడతాయి కదా.

అప్పుడు పోతమ్మ తన గంప ఎత్తి బండిలో పెట్టింది. చేపల డబ్బాలో ఐసు కరిగిన నీళ్ళు ఒక చెంబుతో ముంచి తెచ్చింది. "క్యాపు తియ్యి" అంది. తీశాను. పోసింది. "గంగ నీల్లు. పడవ తాగినట్టే ఇదీ తాగాల. ఇంక ఇది మన బండి, ఎక్కండే" అంది. అందరూ ఎక్కారు.

ఆ రోజు నుంచి రోజూ బయల్దేరే ముందు ఒక చెంబు. డబ్బాలో చేపలతో వచ్చిన సముద్రం ఉంటుందని నాకు తట్టలేదు. చల్లని నీళ్ళు, ఇంజనుకి మంచిదే అనుకున్నాను. మూత చెమర్చడం మొదలయ్యాక నీళ్ళు ఎక్కువ తగ్గేవి. తగ్గినకొద్దీ ఇంకో చెంబు. కాసులమ్మ ఒకటి, గురువమ్మ ఒకటి. అందరూ ప్రేమగానే పోశారు.

ఇప్పుడు చెప్పు, పోతమ్మ దగ్గరికి వెళ్ళి నీ చెంబే నా బండిని తినేసిందని ఎలా అనను? తను నాగబాబుకి మాటిచ్చిందనే కోపంతో నింద వేస్తున్నాను అనుకుంటుంది. ఆ చెంబు లేకపోతే నాకు ఈ బండే లేదు. చెప్పకుండా కొత్త మూత పెట్టాననుకో, రేపు మళ్ళీ ఎక్కితే మళ్ళీ చెంబు తెస్తుంది. వద్దని నేను అనలేను. ఇనుము వాడికి ఇచ్చెయ్యడమే సుఖం.

నూకాలు


ఆటోనగర్, గాజువాక,
మే 27

పెదనాన్నా,

పోతమ్మ మామ్మకి ఏం చెప్పాలో నీకు రాసిద్దామని కూర్చున్నాను. "లవణం" అని మొదలుపెట్టి చింపేశాను. "క్షయం" అని రాస్తే ఎవరో పోయినట్టుంది, అదీ చింపాను. "నీ తప్పు కాదు మామ్మా" అని మొదలుపెడితే, తప్పు ఉందని ముందే అన్నట్టయింది. ఇంత లావు నిఘంటువులో ఈ పనికి మాట దొరకలేదు.

అందుకని మాట పంపడం లేదు. పాత మూతనే వెనక్కి పంపుతున్నాను. సగం ముఖం మెరుస్తుంది, సగం గుంతలతో అలాగే ఉంచాను. దాన్ని ఆమె చేతిలో పెట్టు. నువ్వేమీ అనకు.

కొత్త మూత, కొత్త ప్యాకింగ్ వేరే సంచిలో ఉన్నాయి. బిగించే ముందు రేడియేటర్‌నీ ఇంజన్నీ మంచినీళ్ళతో కడుగు. బయటికొచ్చే నీళ్ళు నాలిక్కి చప్పగా తగిలేదాకా కడుగుతూనే ఉండు. తర్వాత అత్త తెచ్చే డబ్బాలోని కూలెంట్, అంటే ఇంజను చల్లబరిచే మందునీళ్ళు, పొయ్యి. అది విషం, దాన్ని మాత్రం ఎవరూ రుచి చూడకండి.

బతిమాలకూడదన్నావు కాబట్టి బతిమాలడం లేదు. ఆ మూత ఆగుతుంది. అది నేను చదును చేసింది.

దేవి


భీమిలి,
జూన్ 5

అమ్మా దేవీ,

మూత పట్టుకుని పోతమ్మ వాకిట్లోకి వెళ్ళాను. ఎండు నెత్తళ్ళ చేపలు తిరగేస్తోంది. చేతిలో పెట్టాను.

"ఏటిది?"

"బండిది."

తిప్పి చూసింది. గుంతల్లో గోరు పెట్టింది. వేలు నాలిక్కి రాసుకుంది. మీ ఇద్దరికీ ఎవరు నేర్పారో గానీ.

"ఉప్పు తినేసినాది" అంది. "మా నాయిన పడవ మేకులు గూడా ఇలగే పోయేవి. ఏ నీల్లు పోసినావురా?"

నువ్వు చెప్పినట్టే నోరు కట్టుకున్నాను. ఆమె నా మొహం చూసింది, మూత చూసింది, మళ్ళీ నా మొహం చూసింది.

"నా సెంబేటి?"

నేను నెత్తళ్ళ వైపు చూశాను.

"నా సెంబే" అంది. తర్వాత మూతతోనే నా భుజం మీద ఒకటి ఇచ్చింది. "పడవకి ఉప్పునీల్లు బైట తగలాల గాని లోన పోత్తే మునిగిపోదేటి? ఆ మాత్తరం నాకు తెల్దా? ఇన్నేల్లూ బుద్ది ఎక్కడ పెట్టినాను? నీకు సెవుడు గాని నాకు సెవుడేటిరా, సెప్పాలి గదా."

"నాకే మొన్న తెలిసింది, పోతమ్మా. మా దేవి గుంట సెప్పింది."

"సదువుకున్న గుంట నాకి సూసిందా?"

"నాకి మరీ సూసింది."

అప్పుడు నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజులైంది అలా నవ్వి.

కానీ లేచి వస్తుంటే చేయి పట్టుకుని ఆపింది. "నూకాలూ, నాగబాబుకి అందరి తరపునా నానే మాటిచ్చినాను. ఇప్పుడు కాదంటే ఈ పేటలో నా మాటకి ఇలవేటి?" అంది. నిలబెట్టుకో అన్నాను.

మూత బిగించాను. తొట్లకొండ ఎత్తు ఎక్కించి దించాను. వేడి చూపే సూది నడిమిలోనే నిలబడింది. మూత చుట్టూ వేలు పెట్టి చూశాను, పొడి. నీ చేతిపని నిలిచింది, దేవీ. ఎక్కేవాళ్ళే లేరు. మొదటి చేప వచ్చిన రోజు ఒక్కసారి గాజువాక తీసుకొస్తాను. మీ పెద్దమ్మ తనే గంప పట్టుకుని వస్తానంటోంది. అమ్మడం మరిచిపోయి ఏళ్ళయింది, అయినా వస్తానంటోంది. ఆ తర్వాత ఇనుము వాడికి కబురు పంపాలి.

నూకాలు


గాజువాక,
జూన్ 17

పెదనాన్నా,

పొద్దున్న బజార్లో నువ్వు నన్ను చూసి నవ్వావు, పెద్దమ్మ గంప దించావు, నేను షెడ్డుకి టైమైందని పరిగెత్తాను. మనం మాట్లాడుకున్నది అంతే. కానీ నీ వెనక జరిగినవి నువ్వు వినలేదు. అవి నీకు చెందిన మాటలు, అందుకని రాస్తున్నాను.

నేను బండి కింద పాత పేపరు పరిచి, పక్కనే పడుకుని మూత వైపు చూస్తున్నాను కదా. నాగబాబు వ్యాను అప్పుడే వచ్చి పక్కన ఆగింది. నాకు కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

"ఆ గుంట బండి కింద ఏటి ఎతుకుతంది?" అంది గురువమ్మ పిన్ని.

"మొగుణ్ణేమో" అంది కాసులమ్మ పిన్ని.

"తడి ఎతుకుతంది" అంది పోతమ్మ మామ్మ. "నేదు సూడు. పేపరు పొడిగుంది."

అందరి కాళ్ళూ దగ్గరికొచ్చాయి. గంపలతోనే వంగి చూశారు. పేపరు మీద ఒకే ఒక మరక ఉంది, అది నా చెమట.

"ఈ కొత్త బండిలో కూకోడానికి సోటేది? ఐసు డబ్బాల మద్దిన నానూ ఐసైపోనాను" అని గురువమ్మ పిన్ని అంటుంటే, నాగబాబు హారన్ కొట్టాడు. "పిన్నీ, నాకింకో లోడుంది. అమ్ముకున్నాక మీరు బస్సుకొచ్చీండి" అని వెళ్ళిపోయాడు. నీచు వాసన కొట్టే ఖాళీ గంపల్ని ఏ బస్సు ఎక్కించుకుంటుంది?

అక్కడిదాకే నాకు తెలుసు. తర్వాత ఏమైంది? ఇనుము వాడికి కబురు పంపావా? అత్త వచ్చేదాకా ఆగకుండా పోస్టులో రాయి.

దేవి


భీమిలి,
జూన్ 18

అమ్మా దేవీ,

పోస్టులోనే వేస్తున్నాను. ఈసారి వాసన ఉండదు.

మీ పెద్దమ్మ అమ్మకం పూర్తయ్యేసరికి ఎండెక్కింది. మరిచిపోయిందన్నాను గానీ, బేరం ఆడితే పక్కవాళ్ళు తమ పని మానేసి విన్నారు. నేను బండి తిప్పి పెట్టుకున్నాను. ఆడవాళ్ళు ఖాళీ గంపలతో ఒక్కొక్కరే వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డారు. నేను పిలవలేదు. మాటిచ్చినవాళ్ళని ఎలా పిలుస్తాను? ఇంజను వేశాను.

పోతమ్మ వచ్చి ముందు తలుపు తీసి నా పక్కన కూర్చుంది.

"నాగబాబుకి మాటిచ్చినావు గదా" అన్నాను.

"పోడానికిచ్చినాను. రాడానికిచ్చినానేటి?" అని గట్టిగా, నాకు వినపడేలా, చెట్టు కిందివాళ్ళకి కూడా వినపడేలా అంది. "ఎక్కండే, సెట్టు కింద ఏటి సూత్తన్నారు?"

ఎక్కారు. రుషికొండ దాటేదాకా బండి నిండా కబుర్లే. నాకు సగం వినపడవు గానీ, బండి అదురులో తెలుస్తాయి. తొట్లకొండ ఎత్తు మొదలవగానే అందరూ ఆపేశారు. గురువమ్మ వెనకనుంచి నా భుజం మీదుగా మెడ చాచి సూది వైపు చూస్తోంది. ఎత్తు ఎక్కేశాం.

"సూది కదల్లేదు. సచ్చిపోనాదేటి?" అంది.

"అది కదలకపోతేనే బండి బతికున్నట్టు" అన్నాను. ఎందుకు నవ్వారో తెలియదు, అందరూ ఒకటే నవ్వు.

ఊరు వచ్చాక ఎవరి గంప వాళ్ళు దించుకున్నారు. రేపు ఎవరి బండి ఎక్కుతారని నేను అడగలేదు. ఇనుము వాడికి ఇంకా కబురు పంపలేదు. పోతమ్మ దిగి, "నాగబాబుతో నాను మాటాడతాను, బోటైనా మనుసుల్ని మద్దిన ఒగ్గీసి పోతాదేటి" అని మీ పెద్దమ్మతో అందట. నాకు వినపడలేదు, నేను చూసింది వేరే. ఆమె ఉత్త చేతులతో నడిచిపోతోంది.

"పోతమ్మా, గంప" అని అరిచాను. పేటంతా విన్నారు. ఆమె మాత్రం వెనక్కి తిరగలేదు.

మీ పెద్దమ్మ దాన్ని దించబోతే వద్దన్నాను. బండిలోనే ఉంది.

పెదనాన్న,
నూకాలు